పలక వెనక

ఆంకుద్‌లో వాన కాస్త తెరిపిచ్చిన పూట
మూడో అగ్నిమాపక దళం హుండీ బోర్లించి
రాలినదంతా రుమాల్లో మూటగట్టుకుని
దోన్ సీస్తో కొట్టుకు వెళ్లాం,
నేనూ, పద్దులు చూసే ఎర్మిందా.
ఐదు పలకలకే డబ్బుంది.
చీటీలో పేర్లు ఆరు.

సీస్తో ముందుగా ఏదీ చూపించడు.
"ఏ గోడకి?" అంటాడు,
"సముద్రం వైపు గోడకా, పొయ్యి వైపు గోడకా?"
ఉప్పుగాలికి ఇత్తడి రెండు చలికాలాల్లో చిలుమెక్కుతుందట.
అక్రిలిక్ మెరుస్తుంది గానీ
దాంట్లో పేరు కన్నా చూసేవాడి మొహమే ఎక్కువ కనిపిస్తుందట.
మూల నుంచి అలెర్సే చెక్క ఒకటి తీసి తుడిచాడు,
రేవు వీధిలో కాలిన ఇంటిది, ఒక అంచు ఇంకా నలుపు.
"మనం ఆర్పలేకపోయిన ఇల్లు అది," అంది ఎర్మిందా,
"దాని మీద మన గొప్పలా? లోపల పెట్టు."

ఇత్తడే ఖాయం చేశాం.

అక్షరానికింత అని లెక్క. ఖాళీలకు డబ్బు లేదు.
అప్పటిదాకా తెలియలేదు నాకు
మాటలు ఇంత బరువని.
"విశిష్ట సేవలకు కృతజ్ఞతాపూర్వకంగా" అన్నదాన్ని
ఎర్మిందా వేళ్ల మీద లెక్కేసి, నిట్టూర్చి, కొట్టేసింది.
"నిస్వార్థ" కూడా పోయింది:
నిచ్చెన అరువిచ్చి మర్నాడు పొద్దున్నే
గుమ్మంలో నిలబడేవాడు గదా గిల్యెర్మో.
చనిపోయిన ఎలేఉతేరియో పేరు ముందు
"వీర" ఉంచుదామా వద్దా అని ఆగాం.
మంటల్లో పోలేదు అతను.
మంటలారాక, అందరూ టీ తాగుతుంటే,
గొట్టం చుడుతూ చుడుతూ దాని మీదే ఒరిగిపోయాడు.
భార్య కబురంపింది:
వీరుడని వద్దు, నాకెవరో పరాయివాడిలా ఉంటాడు,
గొట్టాలు చుట్టేవాడని రాయండి.
అక్షరాలు పెరిగాయి.
పెరిగినవాటికి సీస్తో డబ్బు తీసుకోలేదు.

ఇక ఆరో పేరు. ఒందీనా బర్రియా.

రిజిస్టరులో ఎక్కడా లేదామె.
ముప్పై ఒక్క ఏళ్లుగా
సైరన్ మోగినప్పుడల్లా దళం వంటింట్లో పొయ్యి రాజేసి,
తడి కోట్లు తాడు మీద వేసి,
బూట్లలో పాత పేపర్లు కుక్కి ఆరబెట్టింది.
ఎవరి బూట్లు తిరిగి రాలేదో
మా నాయకుడి కన్నా ముందు ఆమెకు తెలిసేది.
"సభ్యురాలు కాదు కదా," అన్నారు పెద్దలు,
పదకొండో నిబంధన పైకి చదివి మరీ.
కాదు నిజమే. చందా కట్టలేదు.
మేం కట్టిన చందాతో ఆమె కట్టెలు కొనేది.

సీస్తో కింది సొరుగు లాగాడు.
తప్పుల సొరుగది.
అక్షరం జారిన పేర్లు, వాయిదా పడ్డ పెళ్లిరోజులు,
ఓడిపోయాక ఎవరూ తీసుకెళ్లని విజేత.
ఒకటి ఎంచి, బోర్లా తిప్పి, బొటనవేలితో రుద్దాడు.
వెనక నున్నగా ఉంది.
"ఇత్తడికి రెండు మొహాలు," అన్నాడు,
"రెండోదానికి నా దగ్గర రేటు లేదు."

సభ రోజున ఐదుగురి తరఫునా చాలాసేపు చప్పట్లు.
ఒందీనా పలక అందుకుని ముందు వెనక్కి తిప్పింది,
రొట్టె అడుగు మాడిందేమో చూసినట్టు.
అక్కడ:
డొమినో పోటీ. రెండో బహుమతి. ఆబ్దోన్ ఓయార్సో.
పేరులో ఒక అక్షరం తక్కువ.
నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకుంది.
"ఆ ఏడు మొదటి బహుమతి నాదే," అంది,
"నాకు కోడినిచ్చారు."

తర్వాతెప్పుడో, వానలో, వాళ్లింటికి వెళ్లాను.
పొయ్యి పక్క గోడకి ఆబ్దోన్ వేలాడుతున్నాడు.
మా అక్షరాలు లోపలి వైపు.
మనసు చివుక్కుమంది, దాచలేకపోయాను.
"నా పేరు నాకు తెలుసు," అంది,
"తెలియంది గోడకే. చదువుకోనీ."
ఇంకేదో అనబోయి
నా కాళ్లకేసి చూసి
నిన్నటి పేపరు కోసం లేచింది.