డెబ్బై ఒకటో ఆకు

సిరోంచ దాటాక తునికాకు కల్లం. మే నెల.
నిజ్వాలో పదకొండేళ్లు నీళ్ల ట్యాంకరు తోలి వచ్చాను,
వేళ్లకింకా స్టీరింగు వంపే.

అక్కడ దేవుణ్ణి
ఇన్సూరెన్సు కాగితం కింద పెట్టి మరిచాను.
నాతో తిరిగిన మురాదు మాత్రం
ఎండలో బండి ఆపించి, అట్టముక్క పరిచి మోకరిల్లేవాడు.
కాళ్లు కడుక్కోగా మిగిలిన నీళ్లు
రోడ్డు పక్క ముళ్లపొదకి.
నేను హారన్ మీద చెయ్యి వేసి టైము చూసుకునేవాణ్ణి.
ట్యాంకరు వంద లీటర్లు తక్కువ నింపినా
ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

పోశక్క చిన్నమ్మ కట్ట కడుతోంది.
లెక్క డెబ్బై. ఆమె డెబ్బై ఒకటి పెడుతుంది.
"ఏదో ఒకటి చినిగి ఉంటది గద, బిడ్డా."
కల్లెదారు ఎట్లాగూ నూటికి నాలుగు కట్టలు మింగుతాడన్నాను.
"అది వాని లెక్క,"
పంటితో నార బిగించింది.

ప్రాణహిత మీది గాలికి ఆకులు లేస్తున్నాయి.
మోకాలు కింద అదిమిపట్టి
నేనూ ఎంచుతున్నాను.
అరవై ఎనిమిదో, తొమ్మిదో.
తప్పింది.
మళ్లీ ఒకటి నుంచి.