గీటు

షార్జాలో ఆగస్టు. బయటి గాలిని గుడ్డలా పిండితే
చెంబెడు నీళ్లు కారతాయి.
చాంబర్ లోపల గాలే లేదు.
పొద్దున్నుంచీ నా పని అదే,
ఉన్న గాలినంతా పంపుతో తోడి పారబోసి
ఆ శూన్యంలో ఒక రాగిరేకును నిలబెట్టడం.

రేకు మందం వెంట్రుకలో పదోవంతు.
రోడెల్ రెండు రేకులు నలిపేశాక
డాక్టరమ్మ హుదా నన్ను పిలిపించింది:
"ఆచారీ, నీ చేతులు కావాలి."

ఈ చేతులు ప్రొద్దుటూరువి.
మా నాయన మూస ముందు కూర్చుని ఊదుగొట్టం ఊదుతుంటే
పక్కన చాప మీద బంగారు రజను ఏరిన చేతులు.
అక్షరాలకంటే ముందు నేను
ఊపిరి బిగపట్టడం నేర్చాను.
తర్వాత గోల్డ్ సూక్‌లో పదకొండేళ్లు.
గాజులు మిషన్లు చెయ్యడం మొదలయ్యాక ఇటొచ్చాను.

మూడుసార్లు సైరన్. తలుపు మూత. పచ్చలైటు ఎర్రబడింది.

బంగారు పూత పూసిన అద్దం
వెలుగునంతా కూడగట్టి సూదిమొన మీద పెడుతుంది.
ఎంతసేపు? రెప్పపాటు అనకండి,
లిప్త కూడా దాని పక్కన పండు ముసలిది.

రాగి కరగదు.
కరగడానికి టైముండాలి కదా.
ఎలక్ట్రాన్లు ముందే లేచి
వెలుగుతో పోటీ పడుతూ రేకును ఇటునుంచి అటు దూసుకుపోతాయి.
బరువైన అయాన్లు
ఇంకా చెప్పుల్లో కాళ్లు పెడుతుంటాయి.

పోయినవన్నీ పోలేవు.
ఖాళీ అయిన రేకే వెనక్కి గుంజుతుంది.
పోవడం, తిరగడం, రేకులో పడడం, మళ్లీ పోవడం.
హుదా కాగితం మీద వంకీలు గీసి చూపింది.
నాకు రెండేళ్లకోసారి చేతికొచ్చే లీవు చీటీ గుర్తొచ్చింది.
చెప్పలేదు.
ఆమె ఫిజిక్సును నా గోడుతో ఖరాబు చెయ్యడమెందుకు.

దూసుకుపోయేది దారిలో ఏ అణువు లోపలికో దూరి
అడుగున ఉన్నదాన్ని తన్ని తరిమితే
పైనున్నది దిగి ఆ చోట కూర్చుంటుందట,
రోలాలో మా గదిలో కింది మంచం ఖాళీ అయితే
పైమంచం వాడు దుప్పటి చుట్టుకుని దిగినట్టు.
దిగేటప్పుడు ఒక ఎక్స్‌రే.
ఏ లోహం మెట్టు దానిదే, ఎత్తు మారదు.
రాగిని ఎంత కొట్టినా
రాగి అనే చెబుతుంది.

ఈరోజు మాత్రం తెర మీద గీతల మధ్య
ఉండకూడని చోట ఒకటి, సన్నగా.
హుదా క్రిస్టల్ని అనుమానించింది. ప్లేటు మార్చింది.
రోడెల్ కేబుళ్లు పీకి పెట్టాడు.
మళ్లీ షాట్. మళ్లీ అదే గీత.

"జింకు" అన్నాను.
ఇద్దరూ నావైపు తిరిగారు.
"కత్తిరించేటప్పుడే అనుకున్నా మేడమ్,
కత్తెర కింద మెత్తగా తెగలేదు,
కిర్రుమంది.
అమ్మినవాడు కల్తీ చేశాడు."
ఆమె టేబుల్ చూసింది, లెక్క వేసింది,
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత నవ్వింది.

మా నాయన గీటురాయి అరచేయంత ఉండేది, నల్లగా.
ఒకసారి సేటు దొంగతనం అంటగడితే
ఆయన వాదించలేదు.
నగను రాయి మీద ఒక్క గీటు గీసి
గుమ్మం అవతల పెట్టి వచ్చాడు.
ఆ రాయి ఎక్కడ పోయిందో తెలీదు.
ఇక్కడ దాని ధర కొన్ని లక్షల దిర్హాములు,
చల్లగా ఉంచాలి, ఫ్యాను గోల.

నా ఛాతీమీద బ్యాడ్జి ఉంది.
నెలాఖరున ఎక్కడికో పంపిస్తారు,
నాలోంచి ఎంత దూసుకుపోయిందో చూడడానికి.
ప్రతి నెలా సున్నా అని వస్తుంది.
నమ్ముతాను. వాళ్ల రాయి అది.

కాల్చిన రేకును అగ్గిపెట్టెలో దాచుకున్నాను.
మధ్యలో చిల్లు.
కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తే
కిటికీ బయట తేమ పట్టిన క్రేను,
దానిపైన ఎవడో ఒకడు
ఇంకా దిగలేదు.