అచ్చుతప్పు చేప

ఛత్తాబజార్‌ల పందొమ్మిదేండ్లు
కాయిదం కోసిన.
నా మిషన్‌కు వంపు తెలువదు.
లివర్ గుంజితే ఒక్కటే దెబ్బ,
అయిదు వందల శుభలేఖలకు
ఒక్కటే అంచు.
ఆ అంచు మీదనే ఒకనాడు
నా ఎడమ చూపుడువేలి కొస
ఎవరి పెండ్లి కార్డుల కట్టలనో కలిసిపోయింది.
కార్డులు మాత్రం టైముకే అందినయి.

జనవరి ఆఖరుకు వచ్చేటిది ఆమె,
నారాయణగూడ నుంచి,
వాన లేకున్నా గొడుగు పట్టుకొని.
పేరు ష్యే.
మా గల్లీ నోరు దాన్ని షియా చేసింది.
"షియా ఆంటీ ఆయీ" అని ముజీబ్ సేట్ కేకేస్తే
మొహర్రం పోస్టర్ల కొరకు ఎవరో అనుకున్న మొదటిసారి.
చూస్తే చీనా ముఖం,
చేతిల ఉస్మానియా బిస్కెట్ల పొట్లం,
నా కంటే సాఫు ఉర్దూ.
"లాల్ కాగజ్ హోనా బేటా, పత్లా.
రద్దీ భీ ఛలేగా."

రద్దీకి మా దగ్గర కరువా?
పిల్లగాని పేరుల ఒత్తు జారినవి,
పగటి ముహూర్తం రాత్రికి మారినవి,
బంగారు గణపతికి తొండం అంటనివి,
పెండ్లే ఆగి ఎవరూ తీసుకపోనివి.
అన్నీ ఎర్రవే.
కిలో లెక్కన పోయేటివి.

పార్లర్‌ల కనుబొమ్మలు దిద్దే కత్తెర, చిటికెనవేలంత.
స్టూలు మీద కూసోని
మిషన్ పక్కనే ఒకసారి కోసి చూపించింది.
పెన్సిల్ గీత లేదు.
కత్తెర ఉన్నకాడనే ఉన్నది, కాయిదమే తిరిగింది
మంగలి చేతిల
పుట్టెంటికలు తీయించుకునే పిల్లగాని తలకాయ లెక్క.
ఒళ్లంతా ఎర్రటి పొట్టు.
మడత విప్పితే
చేప.

"ఎవరు నేర్పిన్రు?"
"దాదీ."
"ఏ ఊరు?"
"నేనైతే గాంధీ దవాఖాన్ల పుట్టిన.
దాదీది ఏదో ఏటి ఒడ్డు. పేరు చెప్పేది,
నా నోరే తిరగలే."
కొత్తేడాదికి కిటికీకి అతికిస్తరట.
వాళ్ల భాషల చేప అన్నా మిగులు అన్నా
ఒక్క తీరుగనే పలుకుతదట.
"అందుకే నీ రద్దీ," అని నవ్వింది.

నేనూ ఒకటి కోసిన.
కన్ను ఊడి టీ కప్పుల పడ్డది,
తోక ఒక దిక్కు, తల ఒక దిక్కు.
"ఎంతన్నా తీసెయ్యి," అన్నది,
"బొక్కలు పెట్టు, దారమంత సన్నం చెయ్యి,
మగర్ సబ్ కహీఁ నా కహీఁ జుడ్‌కే రహనా."
విడగొట్టుడే నౌకరీ అయినోన్ని.
ఆ మాట
వేలు లేని చోట తగిలింది.

తర్వాత పిలుపులు ఫోన్లకెక్కినయి.
మిషన్ వారంల మూడొద్దులు గుడ్డ కప్పుకొని ఉంటది.
రెండు జనవరులు ఆమె రాలే.
ఒక శుక్రవారం కాచిగూడ బస్సెక్కి పోయి
సందు సందూ అడుక్కుంట దొరకబట్టిన.

పార్లర్ కాడ ఇప్పుడు ఫోన్ కవర్ల దుకాణం.
"ఆంటీ బిడ్డ కాడికి పోయింది, కలకత్తా," అన్నడు పోరడు.
అద్దానికి లోపలి దిక్కు చేప అట్లనే ఉన్నది.
ఎరుపు ఎండి
ఉల్లిపొర రంగయింది.
పొట్ట మీద బంగారు అచ్చు మాత్రం చెక్కుచెదరలే:
చి.ల.సౌ.
దాని పక్కన పేరు ఉండాల్సిన చోట
పొలుసులు కోసింది ఆమె.
ఎవరి పేరో.
ఒక్కో పొలుసుల నుంచి
దుకాణం ట్యూబ్‌లైటు కొంచెం కొంచెం.
"ఓనర్ చింపేస్తనన్నడు. నేనే వద్దన్న,
బేరం మంచిగైతున్నది," అన్నడు పోరడు.
ఒక కవరు కొన్న. నా ఫోన్‌కు పట్టనిది.

ఇయ్యాల మిషన్ గుడ్డ తీయలే.
అచ్చుతప్పు కార్డు ఒకటి మడిచి,
కత్తెరను ఉన్నకాడ ఉంచి,
తొమ్మిదిన్నర వేళ్లతోని
కాయిదాన్ని తిప్పిన.
విప్పిన.
కన్ను ఊడలే.
తోక ఒక్క పోగు మీద ఊగుతున్నది.
రెండు అరచేతుల మీద అద్దం దాకా మోస్కపోతూ
ఫ్యాన్ బంద్ చెయ్యమని
సేట్‌ను కేకేసిన.