పావుగంట లెక్క

మెడికెయిడ్ లెక్కలో
పావుగంటకొక యూనిట్.

టొలీడోలో, లాండ్రీ షాపు పైగదిలో
వెండెల్ తలుపు తీయడానికే
ఇవాళ పదకొండు నిమిషాలు పట్టింది.
మెట్ల మీద కూర్చుంది లోరెట్టా.
రెండోసారి తట్టలేదు.
తనూ ఒకప్పుడు అలాంటి గడియకు లోపలివైపే ఉండేది,
కిటికీలకు దుప్పట్లు మేకులు కొట్టుకుని.

లోపల చాలాసేపు మాటల్లేవు.
కింద డ్రయ్యర్లో ఎవరో మరిచిన నాణెం
టంగుటంగుమని తిరుగుతోంది.
"నాకూ వినపడేవి," అంది చివరికి,
"అచ్చం మా మేనత్త గొంతే. వంట బాలేదని తిట్టేది."
ఫక్కున నవ్వాడు.
వారం నాటి గిన్నెల్లోంచి ఒక కప్పు తీసి కడిగాడు.
ఒక్కటే. ఆమెకి.

సాయంత్రం కారులో ఫారం.
లక్ష్యం. జోక్యం. ఫలితం.
మెట్ల మీది నిమిషాలకు కోడ్ లేదు,
మేనత్తకూ లేదు.
మొన్నమొన్నటి దాకా అసలు ఈ పనికే లేదు;
చర్చి నేలమాళిగలో
కాఫీ డబ్బులు కూడా తనే పెట్టుకునేది.
ఇప్పుడు చెక్కు వస్తుంది,
పంటి డాక్టరు దగ్గరికి వెళ్లింది మొన్న,
తొమ్మిదేళ్ల తర్వాత.

యూనిట్లు: రెండు.
ఫలితం దగ్గర కాసేపు ఆగి
"కప్పు కడిగాడు" అని రాసింది.
సూపర్‌వైజర్ కొట్టేస్తాడని తెలుసు.

పెన్నుతోనే రాసింది.