ఒక్క మూల

కాశీబుగ్గలో కరెంటు పోయింది.
ఎమర్జెన్సీ లైటు కింద క్యూబ్ దాదాపు అయిపోయింది.
తెలుపు అడుగున సర్దుకుంది,
నడుం వరస నాలుగు వైపులా కుదిరింది,
పైన అంతా పసుపే,
ఒక్క మూల తప్ప.
ఒక్క మూల మెడ తిప్పుకుంటే
మూడు మొహాలకి మచ్చ.

ఇది ఢిల్లేశుది. పక్కింటి తవిటమ్మ కొడుకు,
ఇప్పుడు సోంపేట హాస్టల్లో తొమ్మిది.
వెళ్తూ వెళ్తూ నా చేతిలో పెట్టి
లెక్కల నోటులోంచి ఒక కాగితం చింపి ఇచ్చాడు:
కుడి కిందకి, అడుగు ఎడమకి,
కుడి పైకి, అడుగు కుడికి.
"మూల తిరక్కపోతే మల్లీ ఇదే సెయ్యి పెద్దమ్మా.
మజ్జిలో అంతా పాడైపోయినట్టు అగుపిస్తాది.
బయపడిపోకు."

భయపడ్డాను.
మొదటి వారం పసుపు పైకి రాగానే సంబరపడి
నాలుగో తిప్పు మర్చిపోయేదాన్ని.
రెండో వారం పై వరస ఒక్కటే తిప్పాల్సిన చోట
పెట్టె మొత్తం తిప్పేసేదాన్ని.
కాగితం రెండో వైపు చూసుకోలేదు,
అక్కడ రాసే ఉంది: పెట్టె తిప్పకు.

నా వేళ్లకి ఓపిక కొత్త కాదు.
పదేళ్లు పిక్క కోత, పన్నెండేళ్లు గ్రేడింగు.
గుండు ఇటు, బద్ద అటు, ముక్క గంపలోకి.
జీడి రసం తిని తిని వేలిముద్రలు పోయాయి,
రేషన్ డిపోలో మిషను
నన్ను నేనని ఒప్పుకోదు.

ఈ మూలా ఒప్పుకోలేదు.
రెండుసార్లకి పైన కుదురుతుంది, కింద చెదురుతుంది.
ఆరుసార్లకి కింద కుదురుతుంది,
పైన మళ్లీ మెడ తిప్పుకుంటుంది.
తప్పు నాదే అనుకున్నాను.
ఫ్యాక్టరీలో ముక్క ఎక్కువొచ్చిన రోజు
ఎవరం కాటా వంక చూడం,
చేతులు చూసుకుంటాం.

ఆదివారం వార్డెన్ ఫోన్లోంచి ఢిల్లేశు.
"ఒకటే మూలా? రెండు కాదు గదా?"
"ఒకటే."
"అయితే నీ తప్పేటీ నేదు.
ఒక మూల ఒంటరిగా తిరగదు పెద్దమ్మా,
అది తిరిగితే ఎక్కడో ఇంకోటి తిరగాల.
ఊడిపోయిన ముక్కని ఎవులో అడ్డంగా పెట్టీసినారు.
ఎవులంటావ్?"

"ఏమోరా" అన్నాను.

ఎనిమిదో తరగతి మార్కులొచ్చిన రాత్రి
వాళ్ల గోడకి ఏదో తగిలిన చప్పుడు.
ఢిల్లేశు నిద్రలో ఉన్నాడు,
లేదా ఉన్నట్టు పడుకున్నాడు.
వాళ్లాయన బయటికెళ్లిపోయాక
తవిటమ్మ టార్చి పట్టుకుని మంచం కింద దూరింది,
చీపురుపుల్లతో లాగింది,
కొంగుతో తుడిచి, బొటనవేలితో నొక్కింది.
మా కిటికీలోంచి కనిపించింది, చూశాను.
మూడు రకాలుగా పడుతుందట మూల,
సరైంది ఒకటే.
ఆవిడకెవరు చెప్పారు?
టక్‌మంది, అతికిందనుకుంది.
ఆ తర్వాత వాడు దాన్ని ముట్టుకోలేదు.

"మరేటి సేయాలిరా?"
"ఏలెట్టి మెలితిప్పీయ్. అంతే.
దానికింకో దారి నేదు."

పప్పు విరక్కుండా పన్నెండేళ్లు బతికిన వేలు,
బలం పెట్టమంటే మొరాయించింది.
కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.
ఆ పైన
టక్.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర
తవిటమ్మ చేతిలో పెట్టాను.
టిఫిన్ క్యారేజీ కింద పెట్టి, రెండు చేతుల్తో పట్టుకుంది.
ఎనిమిది మూలలూ ఒక్కొక్కటే తడిమింది.
"ఏ మూలప్పా?" అంది,
నా వంక చూడకుండా.

తీసుకుని, వెలుగుకి పెట్టి, అటూ ఇటూ తిప్పాను.
నిజంగానే
నాకూ తెలీలేదు.
లోపల సైరన్ మోగింది.