రాయిలో లేని పగులు

చీమకుర్తిలో నలుపు తవ్వుతారు.
రామతీర్థం గుంటల్లోంచి లారీకో దిమ్మె,
దిమ్మె కోస్తే పలకలు,
పలక నిండా జల్లెడ పట్టి వదిలేసినట్టు బంగారు నూక.
దాన్ని ఫొటో తీయడం నా పని.

నాలుగేళ్లు తీశాను.
నాలుగేళ్లూ నా తెర మీద అది నలుపు కాలేదు.
రవ్వల్ని వెలిగిస్తే నలుపు పాలిపోయేది,
నలుపుని దించితే రవ్వలు మునిగిపోయేవి.
"మేమడిగింది నలుపు, మీరు పంపింది బూడిద" అని
కొనేవాళ్ల దగ్గర్నించి ఒకసారి మాటొచ్చింది.
మా ఓనరు దాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించాడు.

కొత్త మానిటర్ జిలానీ తెచ్చాడు,
ఒంగోలు బస్సులో దానికీ ఒక టికెట్ కొట్టించి.
కంప్యూటర్లో లైనక్స్.
లైసెన్సుకి డబ్బు పెట్టనన్న ఓనరు పుణ్యం అది.
ఇప్పుడెవరైనా అడిగితే నా ఇష్టమే అంటాను.

మొదటి రోజు పాలిష్ లైన్ మీంచి ఏసుపాదాన్ని పిలిచాను.
ఇరవై రెండేళ్లుగా ఆ రాయిని అరచేత్తో చదివే మనిషి.
చేతులు కడుక్కునే వచ్చాడు,
అయినా వేళ్ల సందుల్లో తెల్ల బురద.
పలక మీదుగా కెమెరా నడిచిన వీడియో పెట్టాను.
"అమ్మే, పగిలిందే!"
"యాడ?"
"అడ్డంగా. అదుగో. మళ్లీ."
పరిగెత్తాడు.
షెడ్డులో ఆ పలక మీద నీళ్లు కొట్టి
ఆరేదాకా గొంతుక్కూచున్నాడు.
పగులుంటే ఆ గీత ఆఖర్న ఆరుతుంది.
ఏ గీతా మిగల్లేదు.
తిరిగొచ్చి కోపంగా చెప్పాడు:
"రాయిలో లేదు. నీ పెట్టెలో ఉంది."

నిజమే.
సెకనుకి నూట నలభై నాలుగు సార్లు
బొమ్మ అందినా అందకపోయినా తెర గీసేస్తుంది.
పైన కొత్త బొమ్మ, కింద పాత బొమ్మ,
రెండిటి మధ్యా అతను చూసిన పగులు.

జిలానీ పాత సెషన్ తీసేసి వేలాండ్ పెట్టాడు.
హెచ్‌డీఆర్ మీట నొక్కితే తెరంతా పలచని మజ్జిగ.
తల గోక్కున్నాడు. కెర్నల్ మార్చాడు.
మూడో ఆదివారం, విసుగొచ్చి, కేబుల్ మార్చాడు.
నలుపు దిగింది.
బావిలోకి చేద దిగినట్టు,
చప్పుడు వినపడేదాకా ఆగాల్సినంత లోతుకి.
దాని మీద రవ్వలు, దేనికది,
కళ్లు చికిలించేంత.
నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

ఇంకో మీట కూడా ఉంది.
అది నొక్కితే తెర తన తాళం మానుకుని
బొమ్మ వచ్చేదాకా ఆగుతుంది.
ఇది ఏసుపాదానికి చెప్పబోతే నవ్వాడు:
"హెడ్డు కూడా అంతే గదా.
ఒకటే స్పీడున లాగితే రాయి కాలుద్ది.
అది చెప్పేదాకా ఆగాల."
నేను వారం చదివి తెలుసుకున్నది.

అయితే ఆ ఆగడానికి ఒక జబ్బుంది.
వెలుగులో తెలీదు గానీ
చీకటి బొమ్మ సన్నగా వణుకుతుంది.
మా సరుకంతా చీకటే.
అందుకని వీడియోకి వేస్తాను, ఫొటోకి తీసేస్తాను,
మర్చిపోయి మళ్లీ వేస్తాను.

ఫొటోలు పంపాం.
కొనేవాడు కార్లో కూచుని ఫోన్లో చూశాడట.
బొటనవేలు బొమ్మ ఒకటి పంపాడు.

ఆ రాత్రి షిఫ్టు దిగి ఏసుపాదం వచ్చాడు.
లైటార్పమన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు.
చాలాసేపు చూసి
కుడి మూలన వేలు పెట్టాడు, తెరకి తగలకుండా.
"ఈడ హెడ్డు తప్పింది."
చూశాను. అరచేయంత మేర
రవ్వలు ఒక ముక్క తక్కువ వెలుగుతున్నాయి.
షెడ్డు ట్యూబులైట్ల కింద
ఎవరికీ, అతనికి కూడా, దొరకని చోటు.

పలక అప్పటికి కృష్ణపట్నంలో ఓడెక్కింది.
అతను తువ్వాలు దులుపుకున్నాడు.
నేను హెచ్‌డీఆర్ ఆపాను.
మూల మామూలైపోయింది.

ఓనరుకి మేమిద్దరం చెప్పలేదు.