అచ్చుగడులు

పర్లాకిమిడిలో కొమ్ముపని వాళ్ల వీధి దాటాక మా ప్రెస్సు.
బయట బోర్డు ఒరియాలో,
లోపల సీసం తెలుగులో.

బొమ్మాళి ఆశీర్వాదం మాస్టారి నవలలు ఆరూ
నా వేళ్ల మీదుగానే అచ్చయ్యాయి.
చదివానని చెప్పను. తిరగేసి కూర్చాను.
కూర్చేవాడికి మొదటి ఫారంలోనే తెలిసిపోయేది
ఎవడు దక్కుతాడో, ఎవడు తప్పిపోతాడో.

కాశీనగర్ సంతలో దీపంబుడ్లు అమ్మే ముసల్ది
ఒక్క ప్రార్థనా రాకుండానే గట్టెక్కుతుంది.
నలభై ఏళ్లు కీర్తనల పుస్తకం చంకన మోసిన సంఘపెద్ద
చివరి అధ్యాయంలో కిటికీవైపు తిరిగి పడుకుంటాడు.
కిటికీ మూసి ఉంటుంది.

"మంచోడే కదా మాస్టారూ, ఏటి చేసేడని?"
"చేసినదాన్ని బట్టి కాదురా కూర్మయ్యా.
నేలకి పునాది పడకముందే పేర్లు రాయడం అయిపోయింది.
నేను నకలు దించుతున్నానంతే."

అంటూ పంచె కొంగుతో కళ్లద్దాలు తుడిచేవారు.
అద్దాల్లేని ఆ కళ్లు
ఫలితాలు అంటించిన గోడ ముందు బడిపిల్లాడివి.
తన పేరుందో లేదో ఆయనకీ తెలీదని
అప్పుడు అర్థమైంది నాకు.

నా కేసులో ఒక గడి ఉంది, ఌ.
మద్రాసు నుంచి దిగిన రోజు మెరుపు ఇంకా పోలేదు.
'న'లు అరిగి మొద్దుబారాయి,
దీన్ని ఏ మాటా పిలవలేదు.
ఏం పాపం చేసిందని?
వారానికోసారి దుమ్ము దులుపుతాను.

ఆరో నవల. వంశధార వరద.
గుణుపురం రైలుకట్ట మీంచి దూకిన దొంగ నరసడు.
'ఒడ్డు చేరలేదు' అని రాతప్రతి.
'ఒడ్డు చేరాడు' అని కూర్చాను.
'లే'లు అయిపోయాయి మాస్టారూ అని చెబుదామనుకున్నాను.
గడిలో పదిహేను ఉన్నాయి.

ప్రూఫు మీద ఎర్రసిరా
కామాలు దిద్దింది, ఒత్తులు దిద్దింది,
ఆ వాక్యం పక్కన చుక్కై ఆగింది.
చాలాసేపు.
"ఇదీ ముందే రాసుందేమోరా"
అని కాగితం తిప్పేశారు.

పుస్తకం కుట్టాక అచ్చు విప్పాను.
పాదిరి పేరులో 'ర', నరసడి పేరులో 'ర'
ఒకే గడిలో పడ్డాయి. చప్పుడులో తేడా లేదు.

మాస్టారు పోయిన నెలకి
కూతురు సువార్తమ్మ ఏడో రాతప్రతి తెచ్చింది.
సగమే ఉంది.
మనుషులున్నారు, మాట్లాడుతున్నారు, గొడవపడుతున్నారు,
పేర్లు రావలసిన చోట మాత్రం
ఖాళీ.

"ఇవెలా వేస్తావు మావయ్యా?" అందా పిల్ల.
ఖాళీకీ సీసం ముక్కలుంటాయమ్మా,
అక్షరం కన్నా పొట్టివి, సిరా అంటనివి.
వాటినే ఏరి పెడుతున్నాను,
ఒక్కొక్కటీ.